తాకట్టు పెట్టి కొనేంత ల్యాప్‌టాప్ అక్కర్లేదు

కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమై, ఫీజు, హాస్టల్ లెక్కలు తేలాక శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల చుట్టుపక్కల ఇళ్లలో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది. "మాస్టారూ, మా గుంటడు కంప్యూటర్ సైన్సులో చేరాడు. ఎనభై వేలకి తక్కువది కొంటే పనికిరాదంటన్నారు, నిజమేనా?" అని అడిగే తండ్రుల్లో పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్లుంటారు, బుడగట్లపాలెంలో చేపల వేటకెళ్లేవాళ్లుంటారు. ఆ ఎనభై వేల కోసం ఇంట్లో బంగారం బ్యాంకుకి వెళుతుంది. నేను చెప్పేది ఒకటే: నిజం కాదు బాబూ. ప్రోగ్రామింగ్, నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి అందులో మూడో వంతు డబ్బు చాలు.

ఈ అపోహ పుట్టేది గ్రాఫిక్స్ కార్డు దగ్గర. షాపులో గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించి, కోడింగ్ చేసేవాళ్లంతా ఇదే కొంటున్నారంటారు. మొదటి రెండేళ్లలో పిల్లలు రాసేది సీ, పైథాన్, జావా, ఎస్‌క్యూఎల్, కాస్త వెబ్. వీటిలో ఒక్కటికీ గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మరి ఏఐ సంగతేమిటంటారా? నేర్చుకునే దశలో గూగుల్ కోల్యాబ్ బ్రౌజర్‌లోనే ఉచితంగా జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఇస్తుంది, కాగుల్ వారానికి 30 గంటల దాకా ఇస్తుంది. గేమింగ్ యంత్రం రెండు కిలోల పైన బరువు, దాని ఛార్జర్ మరో మోత, బ్యాటరీ చూస్తే రెండు మూడు గంటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన జిల్లాలో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మరిచిపోలేదు కదా. ఇక్కడ చదువుకునే పిల్లలకి గ్రాఫిక్స్ కార్డు కన్నా నిలబడే బ్యాటరీ ముఖ్యం.

నిజంగా చూడాల్సింది ర్యామ్. విండోస్ ఒక్కటే మూడు నాలుగు జీబీ తినేస్తుంది. మీద బ్రౌజర్, కోడ్ ఎడిటర్ తెరిస్తే 8 జీబీ ఒరుసుకుంటూ సరిపోతుంది. నెట్‌వర్కింగ్ మొదట్లో సిస్కో ప్యాకెట్ ట్రేసర్‌తో సాగుతుంది. అది ఉచితం, 8 జీబీ యంత్రంలో బాగానే నడుస్తుంది. ఆ తర్వాత జీఎన్ఎస్3, ఈవ్ ఎన్‌జీ లాంటివాటిలో అసలు రౌటర్ల సాఫ్ట్‌వేర్‌నే వర్చువల్‌గా నడపాలి. అక్కడ ప్రతి రౌటరూ తన వాటా ర్యామ్ అడుగుతుంది, నాలుగైదు కలిపి ఒక నెట్‌వర్క్ కట్టేసరికి 8 జీబీ యంత్రం కదలదు. అందుకే 16 జీబీ ఉండాలి, లేదా తర్వాత వేసుకునే వీలుండాలి. డిస్కు ఎస్ఎస్‌డీయే కావాలి. 256 జీబీతో మొదలుపెట్టొచ్చు.

చవకంటే ఏదో ఒకటని కాదు. ఆన్‌లైన్ పండగ ఆఫర్లలో కొత్త పెట్టెలో వచ్చే సెలెరాన్ ల్యాప్‌టాప్‌లంటే నాకు భయం. రెండు కోర్లు, బోర్డుకే అతికించిన 4 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ బదులు 64 జీబీ ఈఎంఎంసీ. కొత్తదని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఆరు నెలలు తిరిగేసరికి విండోస్ అప్‌డేట్‌కే చోటుండదు, ర్యామ్ పెంచే దారుండదు. తనకే చదువు ఎక్కడం లేదని పిల్లాడు అనుకుంటాడు, తప్పు యంత్రానిదని ఎవరూ చెప్పరు.

నా ఓటు పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌కి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5: మూడింటిలోనూ ర్యామ్‌కి రెండు స్లాట్లుంటాయి, నెట్‌వర్క్ కేబుల్ గుచ్చుకునే ఆర్‌జే45 పోర్టు ఉంటుంది. కొత్త పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే కనపడదు, నెట్‌వర్కింగ్ చదివేవాళ్లకి అది చేతికిందే ఉండాలి. విశాఖపట్నంలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో వెతికితే ఇరవై, ఇరవై అయిదు వేల మధ్య దొరుకుతాయి. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 16 జీబీ ముందే వేసి ఉన్నది దొరికితే అదే లాభం. టీ480 పక్కన 'ఎస్' అక్షరం ఉంటే అది వేరే మోడల్. అందులో ర్యామ్ కొంత బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చుకోడానికి ఒక్కటే స్లాటు.

ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానికి తగ్గకూడదు. ఏడో తరం ఐ5‌-7200యూలో రెండే కోర్లు, ఎనిమిదో తరం ఐ5‌-8250యూలో నాలుగు. స్టిక్కర్ మీద రెండూ ఐ5లే, అమ్మేవాళ్లు ఆ తేడా చెప్పరు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది.

డబ్బు చేతులు మారకముందు కౌంటర్ దగ్గరే అరగంట కూర్చోండి. షాపువాళ్లు విసుక్కున్నా లేవకండి. మొదట కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ' అని, స్పేసు, స్లాష్, ఆ వెంటనే 'బ్యాటరీ రిపోర్ట్' అని కలిపి కొట్టండి. వచ్చే ఫైల్లో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించమని అడగండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ మీద నొక్కితే వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని కనపడాలి. డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయించండి. బయోస్ పాస్‌వర్డ్ అడిగి, అది షాపులో ఎవరికీ తెలియకపోతే ఆ యంత్రం వద్దు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూడండి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి అక్షరం మీటా కొట్టి చూడండి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి పోర్టులు తుప్పు పడతాయి, యూఎస్‌బీ అన్నిట్లోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడటం మంచిది. బిల్లు మీద సీరియల్ నంబరు, కనీసం మూడు నెలల వారంటీ రాయించుకోండి.

ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పైరసీ విండోస్ ఎక్కించుకోవద్దు. ఉబుంటు, లినక్స్ మింట్ ఉచితం. సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీదే నడుస్తాయి కాబట్టి అది చేతికలవాటైతే ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

వాయిదాల సంగతి. 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నంత మాత్రాన ఖర్చు లేదని కాదు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, క్రెడిట్ కార్డు వాయిదాలైతే బ్యాంకు వడ్డీ లెక్క మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. యాంటీవైరస్, పొడిగించిన వారంటీ, బ్యాగు అంటూ బిల్లు పెంచుతారు. విండోస్‌లో డిఫెండర్ దానంతటదే ఉంటుంది. పిల్లాడి మొదటి సంవత్సరం చదువు కోసం తల్లి మెడలో వస్తువు తాకట్టుకెళితే, ప్రతి ఇంటర్నల్ మార్కుల కాగితం మీదా ఆ వస్తువే కనపడుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లల మీద ఆ బరువు పెట్టకండి. "నీకోసం ఇంత పోశాం" అన్న మాట విని బాగుపడినవాళ్లకంటే, బ్యాక్‌లాగ్ వచ్చిందని ఇంట్లో చెప్పలేక కుమిలిపోయినవాళ్లే నాకెక్కువ కనపడ్డారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొడుక్కి ఎనభై వేలది కొనడానికి సిద్ధపడే ఇళ్లలో, అదే కోర్సు చదివే కూతురికి ఫోను చాలంటారు. ఫోన్లో ప్రోగ్రామింగ్ రాదు. ఆ ఎనభై వేలతో ఇద్దరికీ మంచి యంత్రాలొచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది.

కోచింగ్ వల గురించి గట్టిగానే చెబుతాను. "మా నెట్‌వర్కింగ్ కోర్సులో చేరితే ల్యాప్‌టాప్ ఉచితం, ఉద్యోగం గ్యారంటీ" అన్న బోర్డు చూస్తే పక్కకి తప్పుకోండి. ఆ ఉచితం ఖరీదు ఫీజులోనే ఉంటుంది. ఫీజు కట్టించుకునే నెపంతో పిల్లాడి పేరు మీద ఫైనాన్స్ కంపెనీ అప్పు తీయిస్తారు, కోర్సు నచ్చక మానేసినా వాయిదాలు మానవు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోసం రాసే సీసీఎన్ఏ పరీక్షకి ఫీజు 300 డాలర్లు, పన్నులతో కలిపి ముప్పై వేల దరిదాపు. ఆ పరీక్షలో వచ్చే ప్రశ్నలివేనంటూ డంపులు అమ్ముతారు. పట్టుబడితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేస్తుంది, పట్టుబడకపోయినా ఇంటర్వ్యూలో సబ్‌నెట్టింగ్ అడిగితే నోరు పెగలదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచిత కోర్సులున్నాయి. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ సీసీఎన్ఏ పాఠాలన్నీ ఉచితంగా చెబుతుంది. ఎన్‌పీటెల్ పాఠాలకి పైసా లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ముందు ఇవి ఆరు నెలలు చదివి, ఆ తర్వాతే పరీక్షకి డబ్బు కట్టండి.

పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీ, పాలిసెట్‌తో డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరం, ఇంటర్ మీద ఈఏపీసెట్: సీటుకి దారులు తెలిసినవే, ఏ దారిలో వెళ్లినా ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఆ ట్రిపుల్ ఐటీలు నడిపే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైనప్పుడు పల్లెల నుంచి వచ్చిన పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చింది. 2016లో మన ఎచ్చెర్ల మండలానికే దాని శ్రీకాకుళం క్యాంపస్ దక్కింది. ఆ తొలి రోజుల ల్యాప్‌టాప్‌లలో ఇవాళ్టి చవక ఫోన్‌లో ఉన్నంత ర్యామ్ కూడా ఉండేది కాదు. వాటి మీదే ప్రోగ్రాములు రాశారు.

సీటు వచ్చిన రోజే కొనేయకండి. మొదటి సెమిస్టర్ సీ ప్రోగ్రాములు కాలేజీ ల్యాబ్‌లో చేయనివ్వండి, ఏం కావాలో పిల్లలకే తెలుస్తుంది. రెండో సెమిస్టర్‌లో కొనండి. నెట్‌వర్కింగ్ మీద నిజంగా ఇష్టం కుదిరితే, మిగిలిన డబ్బులోంచి కొంత వేసుకుని నలుగురు స్నేహితులు కలిసి పాత సిస్కో క్యాటలిస్ట్ 2960 స్విచ్ ఒకటి, ఒక కన్సోల్ కేబుల్ కొనుక్కోవచ్చు. అది ఒకరి గదిలో పెట్టుకుని వంతులవారీగా వీల్యాన్లు కట్టి, చెడగొట్టి, మళ్లీ కట్టండి.