చెఱువునీటి పులుపును చేపల మనుగడయు

చెఱువునందో గుంటయందో చేపలు పెంచు రైతులు పిల్లల వెలను, మేత ఖర్చును లెక్కింతురు గాని, నీటి గుణమును పరీక్షించుట అరుదు. నీరు తేటగా నున్నంత మాత్రమున మంచిదని తలఁపరాదు. మిక్కిలి పులుపెక్కిన నీరును తేటగానే యుండవచ్చును.

1. కొలత

నీటి పులుపును, అనఁగా ఆమ్లతను, పీ.హెచ్. అను అంకెతో కొలుతురు. డెన్మార్కు దేశపు రసాయన శాస్త్రజ్ఞుఁడు సోరెన్సెన్ 1909లో దీని నేర్పఱచెను. 7 సమస్థితి, అంతకు తక్కువైనది పులుపు, ఎక్కువైనది క్షారము. ఒక్క అంకె దిగినచో పులుపు పది రెట్లగును. రెండంకెలు దిగినచో నూఱు రెట్లు. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు చేపలకు 6.5 మొదలు 8.5 వఱకు అనుకూలము. 5కు దిగినచో ఎదుగుదల కుంటుపడును. 4కు దిగినచో చేపలు సాధారణముగా బ్రదుకవు.

2. హాని కలుగు విధము

పులుపునీటిలో చేప ఒంటిలోని ఉప్పు మొప్పల గుండ వెలికిఁబోవును. మొప్పలకు జిగురు పట్టి ఊపిరి యాడదు. అడుగుమంటిలోని అల్యూమినియము కరఁగి మొప్పలను మఱింత చెఱచును. గ్రుడ్లును చిఱుపిల్లలును ముందుగా నశించును. కావున పెద్దచేపలు తిరుగుచున్నను నీరు క్షేమమని నమ్మరాదు. నత్తల, ఆల్చిప్పల పెంకులు సున్నముతో నేర్పడినవగుటచే పులుపున పలుచబడి కరఁగును.

3. కుట్టనాటి ఉదాహరణము

పూర్వపు తిరువాన్కూరు సంస్థానములోనిదియు, నేఁడు కేరళమునకుఁ జెందినదియునగు కుట్టనాటి కరిభూములలో ఇనుము, గంధకము కలసిన ఖనిజము కలదు. వేసవిలో నేల యెండి గాలి సోఁకినపుడు అది గంధకామ్లమును పుట్టించును. తొలివానలకు ఆ పులుపు కాలువలలోనికి దిగును. అచ్చటి రైతులు వేంబనాడు సరస్సులోని గుల్లలను కాల్చిన సున్నమును పొలములకు వేసి దానిని విఱుతురు.

4. నివారణ

గుంటను ఎండఁగట్టి, అడుగుమన్ను పరీక్షింపించి, నీరు పెట్టుటకు ముందే సున్నము చల్లవలెను. మిక్కిలి పులుపు నేలకు ఎకరమునకు 800 కిలోల వఱకును, మధ్యమమగు దానికి సుమారు 500 కిలోలును వేయుదురు. పిమ్మట నీరు పెట్టి, వారము పది దినములు గడచి, అంకె సరిపడిన పిదపనే పిల్లలను విడువవలెను. చేపలున్న నీట కాల్చిన సున్నము నొక్కసారిగా గ్రుమ్మరించినచో అంకె హఠాత్తుగా నెగసి అవి చచ్చును. అట్టియెడ సున్నపురాతి పొడి మేలు.

5. హెచ్చరిక

తెలుగునాట పెక్కు చెఱువుల నీరు సమముగనో క్షారముగనో యుండును. అట్టిచోట పరీక్షింపక సున్నము వేయుట వృథా ఖర్చేగాక ప్రమాదము. క్షారము హెచ్చినకొలఁది నీటిలోని అమ్మోనియా విషమగును. యూరియాను సున్నముతోఁ గలిపి చల్లరాదు.

రాత్రి బొగ్గుపులుసు వాయువు పేరుకొనుటచే తెల్లవాఱుజామున అంకె తగ్గును. పగలు నాచు దానిని గ్రహించుటచే మధ్యాహ్నమున పెరుగును. కావున రెండు వేళలను కొలిచి వ్రాసికొనవలెను. ఒక వేళ కొలతను నమ్మి సున్నము వేయు రైతు లేని రోగమునకు మందు వేసినవాఁడగును.