చెయ్యి మౌస్ దగ్గరికి వెళ్లే ముందు

కంప్యూటర్ మెల్లగా నడుస్తోందని విసుక్కునేవాళ్లు, తమ చెయ్యి ఎంత మెల్లగా నడుస్తోందో ఎప్పుడూ చూసుకోరు. ఎక్సెల్‌లో ప్రతి వరుసలోనూ తేదీ టైప్ చేసేవాళ్లు పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లలోనూ కనిపిస్తారు. కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ నొక్కితే ఆ రోజు తేదీ దానంతటదే పడుతుంది. తెలివికేం లోటు లేదు. చేరిన కొత్తలో పక్క సీటాయన ఎలా చూపించాడో అలాగే చేస్తున్నారు, పని జరిగిపోతోంది, అంతే. ఎలాగో జరిగిపోతున్న పనిని ఇంకోలా చెయ్యొచ్చా అని అడగడం మనకు అలవాటు లేదు.

అలా అడిగినవాడు లారీ టెస్లర్. 1970లలో జెరాక్స్ వారి పార్క్ పరిశోధనశాలలో టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే ప్రోగ్రామ్ రాశాడు. పాఠ్యపుస్తకాలు వేసే జిన్ సంస్థలో సంపాదకులు ఎలా పని చేస్తారో ముందు గమనించి, దానికి తగ్గట్టు కట్, కాపీ, పేస్ట్‌లను తీర్చిదిద్దారు. అప్పటి ప్రోగ్రాముల్లో ఒకే మీట ఒక్కో స్థితిలో ఒక్కో పని చేసేది. ఆ గందరగోళమంటే టెస్లర్‌కు ఎంత చిరాకంటే, తన కారు నంబర్ ప్లేటు మీద కూడా ‘నో మోడ్స్’ అని రాయించుకున్నాడు. 2020లో ఆయన పోయాడు. ఇప్పుడు రద్దు, కట్, కాపీ, పేస్ట్‌లకు కంట్రోల్‌తో కలిపి నొక్కే జెడ్, ఎక్స్, సి, వి మీటలు కీబోర్డు మీద ఎడమ మూలన పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, కుడిచెయ్యి మౌస్ మీదే ఉండగా ఎడమచెయ్యి మిగతా పని కానిచ్చేస్తుంది.

కాపీ చేయడం అందరికీ వచ్చు. కాకపోతే పేరు, ఫోన్ నంబర్, చిరునామా ఒక ఫారం నుంచి ఇంకో ఫారంలోకి ఎక్కించడానికి మూడుసార్లు అటూ ఇటూ తిరుగుతాం. విండోస్ మీటతో వి నొక్కి, కాపీలను గుర్తుంచుకునే సదుపాయాన్ని ఒకసారి ఆన్ చేస్తే, ఆపైన కాపీ చేసినవి పాతిక దాకా వరుసగా కనిపిస్తాయి, కావలసింది ఎంచుకోవడమే. పదిమంది వాడే కంప్యూటర్లో మాత్రం దీని జోలికి పోవద్దు. మీ ఖాతా నంబరు కూడా ఆ వరుసలోనే కూర్చుని ఉంటుంది.

అసలు సమయం తినేది వెతుకులాట. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అని పేర్లు పెట్టుకున్నవాళ్లకు ఆ బాధ చెప్పక్కర్లేదు. ఫైలు పేరు ముందు 2025-03-14 అన్నట్టు సంవత్సరం, నెల, రోజు వేస్తే, పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. పేరు మార్చడానికి ఎఫ్2 చాలు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాఠం తెరమీద తెలుగులా కనిపించినా, లోపల దాగున్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. అందుకే యూనికోడ్‌లో పదం కొట్టి కంట్రోల్ ఎఫ్‌తో వెతికితే దొరకదు. మళ్లీ అవసరపడే రాతలను యూనికోడ్‌లో ఉంచుకోవడం మేలు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారడానికి విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే సరి. ఇక ఏ భాషలో పని చేసినా, పొరపాటున మూసేసిన బ్రౌజర్ ట్యాబ్‌ను కంట్రోల్, షిఫ్ట్, టి తిరిగి తెస్తాయి.

వంద షార్ట్‌కట్ల పట్టికలు ప్రింటు తీసి గోడకు అంటించుకునేవాళ్లంటే నాకు నమ్మకం లేదు. మీరు రోజూ విసుక్కునే పని ఏదో ఒక్కటి పట్టుకోండి. దాని మీటలు చిన్న చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించండి. చీటీ వైపు చూడకుండా చెయ్యి వెళ్లడం మొదలయ్యాక దాన్ని తీసేసి ఇంకోటి రాయండి.

ఒక్కచోట మాత్రం వేగం పనికిరాదు. జీమెయిల్‌లో పంపిన ఉత్తరాన్ని వెనక్కి లాక్కోవడానికి మామూలుగా ఉండే గడువు 5 సెకన్లు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని 30 చేసుకోండి. అటాచ్‌మెంట్ మరిచిపోయామని గుర్తొచ్చేది సరిగ్గా ఆ వ్యవధిలోనే.