మెనూ కార్డు చదవడం కూడా పాఠమే: జర్మన్, పోలిష్ భోజనం



పై చదువులకు జర్మనీ, పోలండ్ వెళ్లే తెలుగు పిల్లలు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వీసాకు, భాషా పరీక్షకు అందరం సిద్ధం చేస్తాం. కొత్త ఊళ్లో, చిన్న హోటల్లో కూర్చుని, తనకు ఏది పడుతుందో ఏది పడదో అడిగి తెలుసుకోవడం మాత్రం నేర్పం. ఈ నెల పాఠం అదే.

ముందుగా అట్లాస్ తెరవండి

జర్మనీ తూర్పు అంచున నైసె నది ఉంది. ఇటు ఒడ్డున జర్మనీ పట్టణం గెర్లిట్స్, అటు ఒడ్డున పోలండ్ పట్టణం జ్గోజెలెట్స్. 1945 దాకా ఇవి రెండూ ఒకే ఊరు. యుద్ధం తరువాత నదే సరిహద్దయింది. ఆ యుద్ధంలో కూలిన వంతెన స్థానంలో 2004లో కొత్త నడక వంతెన వచ్చింది. ఇప్పుడు ఒక దేశంలో టిఫిన్ చేసి, నడుచుకుంటూ వెళ్లి ఇంకో దేశంలో భోంచేయవచ్చు.

రెండు వైపులా వంటల్లో పోలికలు కనిపిస్తాయి. చలికాలం పొడవు కాబట్టి కూరగాయలను నిల్వ చేసుకోవాలి. క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు కలిపి, గాలి తగలకుండా అదిమి పెడతారు. అందులోని బ్యాక్టీరియా చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మన ఇడ్లీ పిండి పులిసేదీ ఇలాంటి బ్యాక్టీరియా వల్లే. జర్మన్లు దాన్ని సావర్‌క్రౌట్ అంటారు, పోలండ్ వాళ్లు కపుస్తా కిషోనా అంటారు. మన భాషలో రెండూ పుల్ల క్యాబేజీయే.

పేరు చూసి ఆర్డర్ ఇవ్వకూడదు

పియెరోగి అంటే మన కజ్జికాయ ఆకారంలో ఉండే వంటకం. నూనెలో వేయించరు, నీళ్లలో ఉడికిస్తారు. 'రుస్కియె' రకంలో బంగాళాదుంప, తెల్ల చీజ్, ఉల్లిపాయ పెడతారు. లోపల మాంసం ఉండదు. కానీ పైన చాలాసార్లు వేయించిన పంది మాంసం ముక్కలు చల్లుతారు. శాకాహారి అయిన పిల్లవాడు 'లోపల ఏముంది?' అని మాత్రమే అడిగితే సరిపోదు, 'పైన ఏం వేస్తారు?' అని కూడా అడగాలి. జర్మనీలో ష్నిట్జెల్ ఎక్కువగా పంది మాంసంతోనే చేస్తారు.

ఈ మాటలు రాయించండి. 'మాంసం లేకుండా' అనడానికి జర్మన్‌లో 'ఓనె ఫ్లైష్', పోలిష్‌లో 'బెజ్ మ్యెన్సా'. తినే ముందు పక్కవారితో జర్మన్‌లో 'గూటెన్ అపెటీట్', పోలిష్‌లో 'స్మాచ్నెగో' అనడం మర్యాద. జర్మనీలో నీళ్లు అడిగితే తరచుగా గ్యాస్ నీళ్లే తెస్తారు, అదీ డబ్బులకు. మామూలు నీళ్లు కావాలంటే 'స్టిల్లెస్ వాసర్' అనాలి.

అలర్జీ ఉన్న పిల్లలకు ఇంకో మాట. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, వేరుశనగ, పాలు, గుడ్డు, గోధుమ వంటి 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి ఉన్నాయో హోటల్ చెప్పాలి. జర్మనీలో చాలా మెనూల్లో వంటకం పక్కన చిన్న అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. వాటి వివరణ మెనూలోనే ఎక్కడో ఉంటుంది, వెతికి చదవడం నేర్పండి.

ఇంటి పని, మీకూ పిల్లలకూ

ఈసారి మన ఊరి హోటల్‌కు వెళ్లినప్పుడు పిల్లల తరఫున మీరు ఆర్డర్ ఇవ్వకండి. మెనూ వాళ్ల చేతికివ్వండి. వెయిటర్‌ను మూడు ప్రశ్నలు అడగనివ్వండి: ఇందులో ఏమేం వేస్తారు? పైన ఏం చల్లుతారు? నాకు ఫలానాది పడదు, అది లేకుండా ఇస్తారా? తడబడితే కాస్త ఆగండి, మధ్యలో అందుకోకండి. ఇక్కడ తెలుగులో అడగడానికి మొహమాటపడే పిల్లలు అక్కడ పరాయి భాషలో అడగలేరు. అడగడం అలవాటైతే, మాటలు ఏ భాషలోనైనా నేర్చుకుంటారు.