చెల్లెలి చీరలతో రెండు బొంతలు

మా చెల్లెలు పోయిన ఏడాదికి దాని కూతుళ్ళిద్దరూ ఒక ట్రంకుపెట్టె మోసుకొచ్చి నా ముందు పెట్టారు. "పెద్దమ్మా, అమ్మ చీరలు. కట్టుకుందామంటే మనసొప్పడం లేదు, ఎవరికైనా ఇచ్చేద్దామంటే చేతులు రావడం లేదు. బొంతలు కుట్టిపెట్టవూ?" అన్నారు. కుట్టిపెట్టను, దగ్గరుండి కుట్టిస్తాను అన్నాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో, వేసవి మధ్యాహ్నాలు వసారాలో కూర్చోబెట్టి అమ్మ నాకు నేర్పిన పని ఇది. యాభై ఏళ్ళుగా కుడుతూనే ఉన్నాను. ఆ పిల్లలకి చెప్పినవీ, చెప్పడం మరిచినవీ ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. గుడ్డని ముందు చేత్తో చూడాలి, రంగు సంగతి తర్వాత. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి చెవి దగ్గర పెట్టుకుని లాగండి. చిర్రుమని సన్నగా చప్పుడైతే ఆ గుడ్డ అయిపోయినట్టే. చీర అంతా ఒకేలా అరగదు. కూర్చునే చోట పలచబడుతుంది, కుచ్చిళ్ళ కింద అంచు నేలకి రాసుకుని పీచులు తేలుతుంది. పైటకొంగు, లోపల దోపుకునే చెంగు మాత్రం చీర పాతదైనా గట్టిగా ఉంటాయి. పై ముక్కలు అక్కణ్ణుంచి తీసుకోవాలి. చీర మధ్యలోంచి కత్తిరించి, ఏడాదికే చిరిగిపోయిందని బాధపడేవాళ్ళని చాలామందిని చూశాను.

2. నూలుకి నూలే జత. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో నునుపుగా మెరుస్తోందని ఒక పాలిస్టర్ చీరని నూలు ముక్కల మధ్య వేసి కుట్టాను. రెండు చలికాలాలు గడిచేసరికి పాలిస్టర్ ముక్కలు కొత్తవాటిలా ఉన్నాయి, వాటిని ఆనుకున్న నూలు ముక్కలన్నీ కుట్టు వెంబడి చిరిగాయి. బలమైనది పక్కనున్న బలహీనమైనదాన్ని లాగేస్తుంది. పైగా పాలిస్టర్ చెమట పీల్చదు, కప్పుకుంటే ఒంటి మీంచి జారిపోతుంది. జరీ అంచు కూడా అంతే, చూపుకి బాగుంటుంది గానీ ఒంటికి గీరుకుంటుంది. చంటిపిల్లల బొంతలో జరీ పోగు ఒక్కటి కూడా ఉండకూడదు.

3. ఎంత పాత చీరైనా తడిపి చూడందే కలపకండి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూస్తే రంగు దిగేదేదో తెలిసిపోతుంది. నేను అలా చూడకుండానే మిరపపండు రంగు కొత్త గుడ్డ ఒకటి మా మామగారి తెల్లపంచె ముక్కల పక్కన కుట్టాను. మొదటి ఉతుకుకే పంచె ముక్కలన్నీ గులాబీ అయ్యాయి. కొత్త నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది కూడా, అందుకని దాన్ని రెండు మూడుసార్లు తడిపి ఆరేశాకే ముట్టుకోవాలి. పాత చీరల్లో గంజి ఉంటే పూర్తిగా పోయేదాకా కుంకుడు రసంలో ఉతకండి. గంజి వాసనకి పెట్టెలో పురుగు చేరుతుంది.

4. కత్తెర కంటే చింపడం మేలు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి లాగితే నూలు గుడ్డ పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది. వాలుగా కోసిన ముక్క కుట్టేటప్పుడు సాగి మొత్తం వరసనే వంకర తిప్పుతుంది.

ఇంకొకటి. పోచంపల్లి లాంటి చీరల్లో రంగు నేతకి ముందే నూలుకి పడుతుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పైవైపు వెలిసినా తిరగేసి వాడుకోవచ్చు. పెడన అద్దకం గుడ్డకి ఆ వీలు లేదు, పువ్వు ఒక వైపే నిండుగా ఉంటుంది.

5. రంగుల దగ్గరే పిల్లలతో నాకు ఎక్కువ పొద్దుపోయింది. పెద్దది వంగపండు, నేరేడు, నెమలికంఠం రంగులు పక్కపక్కన పేర్చి "ఎంత బాగుందో" అంది. ఇద్దరినీ డాబా మెట్లెక్కించి, అక్కణ్ణుంచి కళ్ళు సగం మూసుకుని కిందికి చూడమన్నాను. మూడు రంగులూ కలిసిపోయి ఒకే నల్లటి మచ్చలా కనిపించాయి. రంగుకి పేరు వేరు, బరువు వేరు. బరువైన రంగుల మధ్య ఉల్లిపొర రంగో గంధం రంగో వెన్న రంగో వేస్తేనే దేని అందం దానికి తెలుస్తుంది. చిలకపచ్చ, కనకాంబరం లాంటి గట్టి రంగులు బొంత మొత్తంలో నాలుగైదు ముక్కలు చాలు, అవీ ఒక మూలకి చేరకుండా చూడాలి. పెద్ద పువ్వు పక్కన పెద్ద పువ్వు వద్దు. పెద్ద పువ్వు పక్కన సన్నగళ్ళు వేస్తే రెండూ బతుకుతాయి.

ఇదంతా పొద్దున్న పదింటికి, వాకిట్లో నీడపట్టున చెయ్యాల్సిన పని. ట్యూబులైటు కింద గచ్చకాయ రంగుకీ లేత నీలానికీ తేడా తెలియదు. పేర్చాక వెంటనే కుట్టకండి. మేం రెండు రోజులు నేల మీదే ఉంచి, అటూ ఇటూ నడుస్తూ పదకొండు ముక్కలు మార్చాం.

6. లెక్క: జానెడు ముక్క, అంటే 9 అంగుళాలు. నాలుగు వైపులా అరంగుళం కుట్టులోకి పోతే 8 మిగులుతుంది. నిలువున తొమ్మిది, అడ్డంగా ఆరు, మొత్తం 54 ముక్కలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు వస్తుంది. చుట్టూ చీర అంచు పీలికలు కలిపి వెనక్కి మడిస్తే పొరలన్నీ లోపల దాగుతాయి. లోపలికి వేసే అయిదున్నర మీటర్ల చీరని మూడు మడతలు వేస్తే సరిగ్గా ఆరడుగులే. మన చీర పొడవు బొంత కోసమే పుట్టిందా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

7. ముక్కలు కలపడం మిషన్ మీద చేసుకోండి, తప్పులేదు. పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు మాత్రం చెయ్యే కావాలి. ఇంటి మిషన్ పై పొరని ముందుకు నెట్టి ముడతలు తెస్తుంది. బొంతని నేల మీద పరిచి మూలల్లో సన్నికల్లు పొత్రం లాంటి బరువులు పెట్టి, ముందు నడిమి నుంచి అంచులకి పొడుగాటి కుట్లతో తాత్కాలికంగా బిగించాలి. ఆ తర్వాత రెండు పేటల నూలుదారానికి తేనెమైనం రాసి, చింతగింజంత కుట్లతో, రెండేసి అంగుళాల ఎడంలో వరసలు వెయ్యాలి. దారం బారెడు మించితే చిక్కుపడుతుంది. ఉత్తర కన్నడలోని సిద్దీ ఆడవాళ్ళు తమ బొంతని కవంది అంటారు. వాళ్ళు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, నాలుగు మూలలా పువ్వుల్లాంటి ముక్కలు పెడతారు. ఎవరి పద్ధతి వాళ్ళది. నాకు నడిమి నుంచే అలవాటు.

8. పెట్టెలో అన్నిటికంటే అడుగున వంగపండు రంగు మంగళగిరి చీర ఉంది. ఒంట్లో ఒక్క పువ్వూ లేదు, అందమంతా నిజాం అంచులోనే. చెల్లెలు ఎక్కువగా కట్టింది అదే. చిన్నది దాన్ని బొంత నట్టనడుమ పెట్టాలని పట్టుబట్టింది. వేళ్ళ మధ్య లాగాను. ఎక్కడ పట్టినా చిర్రుమంది. ఇష్టమైన చీరే ముందు అరిగిపోతుంది మరి. పైన వేస్తే ఒక్క చలికాలం ఆగదని చెప్తే ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు దాన్ని అడ్డంగా రెండుగా చింపాం, ఒక్కొక్కటి తొమ్మిదడుగులు. గట్టి చీర మడతల నడుమ ఆరడుగులు పొరగా పరిచాం. మిగిలిన మూడడుగులూ కప్పుకున్నప్పుడు గుండెల మీదికి వచ్చే చోట రెండో పొరగా వేశాం. పైకి ఏమీ కనిపించదు. చెయ్యి పెడితే అక్కడ కాస్త మెత్తగా, ఒత్తుగా తగులుతుంది.

9. తీసేసిన ముక్కలు పారెయ్యకండి. ఏ బొంతైనా ముందు మెడ దగ్గరే చిరుగుతుంది. చిరిగిన ముక్కని విప్పొద్దు, దాని మీదే ఇంకో ముక్క వేసి చుట్టూ కుట్టెయ్యాలి. ఇద్దరికీ చెరో మూట, పెద్ద సూది, దారం కండె ఇచ్చి పంపాను. మొన్న సంక్రాంతికి పెద్దది బొంత తెచ్చి చూపించింది. మెడ దగ్గర ఉల్లిపొర ముక్క మీద తనే ఒక గచ్చకాయ రంగు ముక్క వేసింది. కుట్లు పెద్దవీ చిన్నవీగా ఉన్నాయి, రంగు మాత్రం సరిగ్గా ఎంచింది.