భృతబలం – తిరుగుబాటుదారులు: సియెర్రా లియోన్ యుద్ధంపై ఒక పరిశీలన

కౌటిల్యుడు అర్థశాస్త్రం తొమ్మిదవ అధికరణంలో మౌల, భృత, శ్రేణి, మిత్ర, అమిత్ర, ఆటవిక బలాలను పేర్కొని, వీటిలో ముందు చెప్పినది తరువాతిదానికంటె శ్రేష్ఠమని నిర్ణయించాడు. వేతనానికి కుదిరిన భృతబలం చేరువలో ఉంటుంది, త్వరగా కదులుతుంది, చెప్పినట్లు వింటుంది. అందువల్ల దానికి రెండవ స్థానం. అయితే దేశకాలాలు స్వల్పమై, క్షయవ్యయాలు తక్కువగా ఉండే యుద్ధానికే అది తగునని కూడా ఆయన సూచించాడు. ఈ కాలనియమం వెనుకనున్న విషయాన్ని పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ అంతర్యుద్ధం ఆధారంగా పరిశీలించవచ్చు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నేటి ప్రైవేటు సైనిక కంపెనీ సొంత నాయకులతో, సొంత కట్టుబాట్లతో వస్తుంది కనుక అది శ్రేణిబలం కాదా? నిర్మాణంలో పోలిక ఉన్నమాట నిజమే. కాని శ్రేణిబలం జానపదమని, అంటే ఆ దేశానికే చెందినదని కౌటిల్యుడే అన్నాడు. కంపెనీ పరదేశీయం. కనుక భృతమనుటయే ఉచితం.

1991 మార్చిలో ఫోడే సంకో నాయకత్వంలో విప్లవ సమైక్య దళం తిరుగుబాటు ఆరంభించింది. కోనో ప్రాంతపు వజ్రాలు దానికి ధనాగారమైనాయి. ప్రభుత్వ సైనికులలో కొందరు పగలు సైనికులై, రాత్రి దోపిడిగాండ్రయ్యారు. వారికి ప్రజలు ‘సోబెల్’ అని పేరు పెట్టారు. మౌలబలమే ఇట్లు చెడినపుడు రాజ్యానికి దిక్కేది? 1995లో తిరుగుబాటుదారులు రాజధాని ఫ్రీటౌన్ సమీపానికి రాగా, ప్రభుత్వం దక్షిణాఫ్రికాకు చెందిన ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ అనే కంపెనీని కుదుర్చుకొన్నది. కొద్ది వందల మందే అయినా, హెలికాప్టర్ల సాయంతో వారు శత్రువును రాజధాని పరిసరాలనుండి తరిమి, ఆ ఏడాదే కోనోను విడిపించారు.

దీని ఫలితం తిరుగుబాటుదారుల నాశనం కాదు. ఆదాయం తెగి, స్థావరాలు చెదరి, వారు సంధికి వచ్చారు. 1996 నవంబరు 30న అబిజాన్‌లో కుదిరిన ఒప్పందంలో కంపెనీ దేశం విడిచిపోవాలన్న షరతు చేరింది. యుద్ధంలో గెలువలేనిదానిని వారు సంధిపత్రంలో గెలిచారని నా అభిప్రాయం. భృతబలం గడువుకు లోబడినది. ఆ గడువు ముగిసేవరకు ఓర్చినవానికి దానిని ఓడించవలసిన పని లేదు.

కంపెనీ 1997 జనవరిలో వెళ్లిపోయింది. మే 25న సైనికులే ప్రభుత్వాన్ని కూలదోసి, తిరుగుబాటుదారులను అధికారంలో భాగస్వాములు కమ్మని పిలిచారు. ఇందుకు మరొక కారణమూ ఉంది. కంపెనీ చేయూతతో బలపడిన కమజోర్లనే స్థానిక వేటగాండ్ర దళాలపై సైన్యానికి ఈర్ష్య పెరిగింది. అనగా, భృతబలం వచ్చి మౌలబలాన్ని బాగుచేయలేదు సరికదా, దానికి ఒక ప్రతిస్పర్ధిని మిగిల్చి పోయింది.

1999 జనవరిలో ఫ్రీటౌన్ మరల దాడికి గురి అయింది. 2000లో వచ్చిన బ్రిటిష్ సేనలు ఆ దేశపు సైన్యానికే తిరిగి శిక్షణ ఇచ్చే పనికి పూనుకొన్నాయి. 2002 జనవరిలో యుద్ధం ముగిసినట్లు ప్రకటన వెలువడింది.