బ్లాక్ సబ్బాత్ ‘13’ ఎలా వినాలి?

2013లో వచ్చిన ‘13’ బ్లాక్ సబ్బాత్ ఆఖరి స్టూడియో ఆల్బమ్. అంతకుముందు ఓజీ ఆస్‌బోర్న్ గొంతుతో వాళ్ళ స్టూడియో ఆల్బమ్ వచ్చింది 1978లో. 35 ఏళ్ళ గ్యాప్!

ముందు గిటార్ వినండి. టోనీ ఐయోమీకి 17 ఏళ్ళప్పుడు బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు కట్టుకున్నాడు. తర్వాత తీగల బిగువు కూడా తగ్గించాడు. బిగువు తగ్గితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది (ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా?). నొక్కడం తేలిక, మోత బరువు. హెవీ మెటల్ శబ్దం సగం అక్కడ పుట్టిందే. ఈ ఆల్బమ్ పనిలో ఉండగానే, 2012లో, ఆయనకి లింఫోమా అని తేలింది. చికిత్స మధ్యలోనే వాయించాడు. అది తెలిసి వింటే ఆ రిఫ్‌లు వేరేగా వినిపిస్తాయి, కనీసం నాకు.

డ్రమ్స్ దగ్గర మాత్రం వెలితే. ఒప్పందం కుదరక బిల్ వార్డ్ రాలేదు, బ్రాడ్ విల్క్ వాయించాడు. బాగానే వాయించాడు గానీ వార్డ్‌లోని ఆ జాజ్ ఊపు లేదు.

ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ వాళ్ళకి 1970 నాటి మొదటి ఆల్బమే మళ్ళీ వినిపించాడట. చివరి పాట ‘డియర్ ఫాదర్’ అయ్యాక వాన, ఉరుము, గంట వినిపిస్తాయి. మొదటి ఆల్బమ్ మొదలయ్యేది ఆ చప్పుళ్ళతోనే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండూ వినండి, ముందు 1970ది.