పెల్లెట్ పొయ్యిలో నల్లటి జిగురు: క్రియోసోట్ ఎందుకు పేరుకుంటుంది, ఎలా వదిలించుకోవాలి?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో వచ్చి స్థిరపడిన ఊరు. చెక్క స్లీపర్ల కాలంలో పట్టాల మీద పనిచేసిన వారికి ‘క్రియోసోట్’ కొత్త మాట కాదు. చెద పట్టకుండా, కుళ్లకుండా చెక్కకు పట్టించే నల్లటి ఘాటైన నూనె అది. అదే పేరుతో పిలిచే మరో పదార్థం ఇంటి పొయ్యిలో, పొగగొట్టంలో దానంతట అదే తయారవుతుంది. స్లీపర్‌కు పట్టించినది చెక్కను కాపాడుతుంది. పొయ్యిలో పేరుకున్నది ఇంటికి నిప్పు పెట్టగలదు. ఇది ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని ఆపడం కష్టం కాదు.

ఒకే పేరు, రెండు పదార్థాలు

1832లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ రైకెన్‌బాక్ బీచ్ చెట్టు కట్టెల తారు నుంచి ఒక నూనెను వేరుచేశాడు. అది మాంసం కుళ్లకుండా ఆపడం గమనించి, గ్రీకులో ‘మాంస రక్షకం’ అనే అర్థం వచ్చేలా క్రియోసోట్ అని పేరు పెట్టాడు. తర్వాత బొగ్గు తారు నుంచి తీసిన నూనెకూ ఇదే పేరు వచ్చింది. 1838లో ఇంగ్లండ్‌లో జాన్ బెథెల్ ఆ నూనెను పీడనంతో చెక్కలోకి ఎక్కించే పద్ధతికి పేటెంట్ పొందాడు. రైల్వేలు దాన్ని విస్తృతంగా వాడుకున్నాయి. మన దేశంలో సాల్ చెక్క సహజంగానే గట్టిది కాబట్టి స్లీపర్లకు బాగా పనికొచ్చింది. చీర్ పైన్ వంటి మెత్తని చెక్కకు మాత్రం క్రియోసోట్ పట్టించాల్సి వచ్చింది.

పొయ్యిలో కనిపించేది కట్టె పొగ నుంచి వచ్చేది. అది సగం కాలిన ఆవిర్లు చల్లబడి గోడకు అంటుకున్న తారు.

కట్టె నేరుగా మండదు

కట్టె మండుతోందని అంటాం కానీ, మంటగా కనిపించేది ఎక్కువగా కట్టె నుంచి వెలువడిన వాయువులే. ముందుగా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తడి ఆవిరవుతుంది. 200 డిగ్రీలు దాటాక కట్టె విడిపోతూ మండే ఆవిర్లను వదులుతుంది. పొడి కట్టె బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు ఇలా ఆవిరి రూపంలోనే బయటికి వస్తాయి. మిగిలేది బొగ్గు, కొంచెం బూడిద.

ఈ ఆవిర్లు పూర్తిగా కాలాలంటే మూడు కావాలి: తగినంత వేడి, గాలితో బాగా కలవడం, కాలడానికి కాస్త సమయం. ఒక్కటి తగ్గినా సగం కాలిన ఆవిర్లు పైకి పోతాయి. దారిలో సుమారు 120 డిగ్రీల కంటే చల్లగా ఉన్న లోహం తగిలితే అక్కడే ద్రవంగా మారి అంటుకుంటాయి. చల్లటి చెంబు మీద తేమ పట్టినట్టే ఇదీ.

ఇంట్లోనే చూడవచ్చు. వెలుగుతున్న కొవ్వొత్తి పసుపు మంట మధ్యలో ఒక స్టీలు చెంచా పిడి పట్టుకుని కొద్ది క్షణాలు ఉంచండి. నల్లటి మసి పడుతుంది. మంట కొసకు కొంచెం పైన ఉంచితే మసి దాదాపు పట్టదు. మంటలో కాలుతున్న కణాలను చల్లటి చెంచా మధ్యలోనే ఆపేసింది కాబట్టే మసి మిగిలింది.

పెల్లెట్ ప్రత్యేకత ఏమిటి?

బొగ్గు పొడిని మట్టితో కలిపి ఉండలు చేసి ఎండబెట్టే ‘గుల్’ బెంగాల్ వంటిళ్లకు పాత చుట్టం. పెల్లెట్ కూడా అలాంటి ఆలోచనే. రంపపు పొట్టు, వేరుశెనగ తొక్క, చెరకు పిప్పి వంటి వాటిని ఎండబెట్టి, నలగ్గొట్టి, ఎక్కువ పీడనంతో 6 నుంచి 8 మి.మీ. లావు గుళికలుగా చేస్తారు. 2006లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సాంకేతికతతో బీపీ సంస్థ ‘ఊర్జా’ అనే పెల్లెట్ పొయ్యిని మన మార్కెట్లోకి తెచ్చింది. అందులో చిన్న ఫ్యాన్ గాలిని ఊదుతుంది. కింది రంధ్రాల గాలి పెల్లెట్ల నుంచి ఆవిర్లను పుట్టిస్తుంది, పై వరుస రంధ్రాల గాలి వాటిని కాల్చేస్తుంది.

మంచి పెల్లెట్‌లో తడి పది శాతానికి మించదు. లెక్క చూద్దాం. పొడి కట్టె కిలోకు సుమారు 18 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.5 మెగాజౌళ్లు కావాలి. కిలో పెల్లెట్‌లో 100 గ్రాముల నీరుంటే, దానికి పోయే వేడి మొత్తంలో రెండు శాతం కూడా ఉండదు. సగం బరువు నీరే ఉన్న పచ్చి కట్టెలో దాదాపు ఏడో వంతు వేడి నీటికే పోతుంది. మంట చల్లబడుతుంది, తారు పెరుగుతుంది.

కాబట్టి సక్రమంగా పనిచేసే పెల్లెట్ పొయ్యిలో జిగట తారు దాదాపు కనిపించకూడదు. పొడి బూడిద, కొద్దిపాటి మసి మామూలే. జిగురు కనిపించిందంటే ఎక్కడో తేడా వచ్చిందని అర్థం.

ఆవిరి ఇంజన్ ఫైర్‌మన్ పాఠం

ఆవిరి ఇంజన్‌లో సిలిండర్ల నుంచి వదిలిన ఆవిరి, ముందున్న పొగపెట్టెలోంచి గొట్టం గుండా దూసుకుపోతూ కొలిమిలోకి గాలిని లాగేది. పెల్లెట్ పొయ్యిలో ఫ్యాన్ చేసే పని అదే. చిమ్నీ నుంచి నల్లటి పొగ వస్తే బొగ్గు వృథా అవుతోందని ఫైర్‌మన్‌కు తెలుసు. కొలిమి తలుపు కాస్త తెరిచి, నిప్పుల పైకి గాలి పంపి ఆ పొగను కాల్చేవాడు. బాయిలర్ గొట్టాల్లో మసి పడితే వేడి నీటికి చేరదు కాబట్టి వాటిని క్రమం తప్పకుండా తోమేవారు. మన వంటింటి పొయ్యికీ ఈ రెండు సూత్రాలే చాలు: పైన గాలి అందాలి, దారి శుభ్రంగా ఉండాలి.

లక్షణాన్ని బట్టి కారణం

1. మంట పసుపుగా పొడవుగా లేచి నల్లటి పొగ వస్తోంది: పై గాలి చాలడం లేదు. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ వేసి, సన్నటి కాగితపు ముక్కను పై రంధ్రాల దగ్గర పట్టుకోండి. అన్ని చోట్లా ఒకేలా రెపరెపలాడాలి. ఆడని చోట రంధ్రం మూసుకుపోయింది. ఎక్కడా ఆడకపోతే బ్యాటరీనో ఫ్యాన్‌నో చూడాలి.

2. మంట లేదు, తెల్లటి ఘాటైన పొగ వస్తోంది: అది కాలని ఆవిరి. పెల్లెట్లు చెమ్మగిల్లి ఉండాలి. ఒక పెల్లెట్ విరిచి చూడండి. మంచిది టక్కున విరుగుతుంది, చెమ్మ పట్టినది వంగి పొడి రాలుతుంది. పొగ వస్తున్న పొయ్యిలో కిరోసిన్ పోయకండి, ఆవిర్లు ఒక్కసారిగా భగ్గుమంటాయి.

3. మొదట బాగా మండి, తర్వాత మందగిస్తోంది: అడుగున బూడిద గాలిదారిని మూస్తోంది. ఊక పెల్లెట్లలో బూడిద చాలా ఎక్కువ. కొన్ని రకాల బూడిద వేడికి కరిగి రాయిలా గడ్డకడుతుంది. గడ్డలు తీసి, తక్కువ బూడిద ఇచ్చే పెల్లెట్లకు మారండి.

4. మసి గిన్నె అడుగునే పడుతోంది: గిన్నె మంటలోకి దిగిపోయింది. కొవ్వొత్తి, చెంచా కథే ఇది. గిన్నె దిమ్మెలు అరిగాయేమో చూడండి. పెల్లెట్లు పై రంధ్రాల వరకూ నింపకండి.

5. పొగగొట్టం పై భాగంలోనే తారు పడుతోంది: గొట్టం చల్లగా ఉంటోంది. గంటల తరబడి సన్న మంట మీద నడపడం, గొట్టంలో పొడవైన అడ్డభాగం, బయటి చల్లగాలి ఇందుకు కారణాలు. చలిదేశాల్లో ఇల్లు వెచ్చబెట్టే పెల్లెట్ స్టవ్‌లలో ఈ ఇబ్బంది ఎక్కువ. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇది ముఖ్యంగా గమనించాలి.

వానాకాలంలో పెల్లెట్ల సంచి నేల మీద ఉంచకండి. చెక్క పలక మీద, గోడకు దూరంగా, మూత బిగించిన డబ్బాలో దాచండి. పెల్లెట్‌కు నీరు తగిలితే నిమిషాల్లో ఉబ్బి పొట్టుగా విడిపోతుంది.

శుభ్రం చేసే పద్ధతి

పేరుకున్నది మూడు రూపాల్లో ఉంటుంది. పొడి మసి బ్రష్‌తో రాలిపోతుంది. మెరిసే నల్లటి పెచ్చులు గట్టి తీగ బ్రష్‌తో ఊడతాయి. గాజు పూత పోసినట్టు అతుక్కున్న తారు మామూలు బ్రష్‌కు లొంగదు. దాన్ని పని తెలిసినవారితో తీయించాలి, లేదా గొట్టమే మార్చాలి. పొర మందం 3 మి.మీ.కు చేరకముందే శుభ్రం చేయడం మంచిది.

పొయ్యి పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. బూడిదలో నిప్పు గంటల తరబడి దాగి ఉంటుంది కాబట్టి దాన్ని మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి తీసి ఆరుబయట ఉంచండి. ఫ్యాన్‌కు విద్యుత్తు తీసేయండి. ముక్కుకు మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకోండి. రంధ్రాలను సన్న తీగతో, గొట్టాన్ని పైనుంచి కిందికి బ్రష్‌తో తోమండి. చివరగా ఫ్యాన్ రెక్కల దుమ్ము పొడి కుంచెతో దులపండి. పెద్ద మంట పెట్టి తారును కాల్చేద్దామని మాత్రం అనుకోకండి. గొట్టంలో తారు అంటుకుంటే వేడి 1000 డిగ్రీలు దాటగలదు. దగ్గరలో రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తుంది. అలాంటప్పుడు గాలిదారులు మూసి, అందరూ బయటికి వచ్చి, 101 లేదా 112కు ఫోన్ చేయాలి.

పాత స్లీపర్ చెక్క పొయ్యిలోకి వద్దు

కాంక్రీటు స్లీపర్లు వచ్చాక పక్కకు తీసిన పాత చెక్క చవకగా దొరికినా, క్రియోసోట్ పట్టించినదైతే వంటచెరకుగా వాడకూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బొగ్గు తారు క్రియోసోట్‌ను మనుషుల్లో క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో పెట్టింది. దాన్ని కాలిస్తే వచ్చే పొగ వంటచేసే వారి ఊపిరిలోకే పోతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలకూ ఇదే హెచ్చరిక.

తారు ఉన్నచోట కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది, ఎందుకంటే రెండూ సగం కాలిన మంట నుంచే పుడతాయి. ఈ వాయువుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి వెలిగినంతసేపూ కిటికీ తెరిచే ఉంచండి. రాత్రి తలుపులు మూసిన గదిలో నిప్పు ఉంచి నిద్రపోకండి. వంట దగ్గర తలనొప్పి, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రండి.

వారానికోసారి పై రంధ్రాలు చూడటం, నెలకోసారి గొట్టంలోకి టార్చి వేసి చూడటం అలవాటు చేసుకుంటే చాలు. జిగురు కనిపించిన రోజే పెల్లెట్ తడిని, ఫ్యాన్ గాలిని సరిచూసుకోండి.